శ్వాస మీద ధ్యాస సరే, పక్కవాడి మీద?

ధ్యానం చేస్తే కోపం తగ్గుతుందంటే, నిద్ర బాగా పడుతుందంటే ఎవరూ అడ్డం చెప్పరు. ధ్యానం చేసేవాడికి మనసు మెత్తబడుతుంది, ఎదుటివాళ్ల కష్టం తెలిసివస్తుంది అన్నప్పుడు మాత్రం ఇంట్లోవాళ్ల మొహాలు చూడాలి. "పొద్దున్నే గంటసేపు కళ్లు మూసుకుంటాడు, లేచి కాఫీ చల్లారిందని అరుస్తాడు" అని పాకాలలోనైనా పీలేరులోనైనా ఒక ఇల్లాలు అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. పాతికేళ్లకు పైగా మనస్తత్వ శాస్త్రవేత్తలను తిప్పలు పెడుతున్నది కూడా అదే. జబ్బేమీ లేని మామూలు మనిషి మైండ్‌ఫుల్‌నెస్ సాధన చేస్తే పక్కవాడి బాధ అతనికి మునుపటికంటే ఎక్కువగా తెలుస్తుందా? తెలిస్తే మాత్రం, లేచి చెయ్యి అందిస్తాడా?

మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు కొత్తగా ఉంది గానీ సంగతి పాతదే. ఊపిరి వస్తోంది, పోతోంది. దాన్ని గమనిస్తూ కూర్చోవాలి. మనసు బ్యాంకు లోను మీదికో పెళ్లి ఖర్చు మీదికో పోతుంది. పోయిందని గుర్తించి, తనను తాను తిట్టుకోకుండా మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవాలి. బౌద్ధుల ఆనాపానసతి ఇదే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీన్ని మతం మాట లేకుండా ఎనిమిది వారాల కోర్సుగా మలిచాడు. ఏళ్ల తరబడి నొప్పులతో ఉన్న రోగుల కోసం మొదలుపెట్టినది అది. ఆరోగ్యవంతుల మీద జరిగిన పరిశోధనల్లో కూడా చాలావాటికి ఆ కోర్సే కొలబద్ద అయింది.

మన దగ్గరికి ఇది వేరే దారుల్లో వచ్చింది. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం "శ్వాస మీద ధ్యాస" అన్న మాటను తెలుగు పల్లెల దాకా తీసుకుపోయింది. గోయెంకా గారి విపశ్యన ధ్యాన శిబిరాలకు హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం ఉంది. వీటన్నిటికంటే పాకాలకు దగ్గరి చుట్టం ఇంకొకరున్నారు. పాకాల జంక్షన్‌లో ధర్మవరం వైపు పోయే రైలెక్కితే పీలేరు దాటాక మదనపల్లె రోడ్ వస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఆ మదనపల్లెలోనే. ఆయన ఆలోచనతో వెలిసిన రిషీవ్యాలీ బడిలో సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి, మాటల్లేకుండా పొద్దు గూకేదాకా చూస్తూ కూర్చుంటారు. అస్తాచల్ అంటారు దాన్ని. కృష్ణమూర్తికి పద్ధతులంటేనే పడదు. ఎనిమిది వారాల కోర్సు, యాప్‌లో గంట మోగితే కళ్లు మూసుకోవడం లాంటివి చూసి ఉంటే ఆయన ఏమనేవారో ఊహించుకోవచ్చు. అయినా తీర్పు చెప్పకుండా గమనించడం అన్న మూలం దగ్గర ఆయనా, కబాట్-జిన్నూ ఒకే గట్టు మీద ఉన్నారు.

ఇక ఎదుటివాళ్ల బాధ తెలియడం అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఇక్కడే చాలామంది తడబడతారు.

పాకాల మీదుగా కాట్పాడి పోయే రైళ్లలో తిరిగేవాళ్లకు ఒక దృశ్యం బాగా తెలుసు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చూపించుకుని తిరిగి వస్తున్నవాళ్లు. స్కాన్ ఫిల్ముల పెద్ద కవరు ఒళ్లో పెట్టుకుని, రిపోర్టులు నలగకుండా చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంటారు. అలాంటి ఒక తల్లి ఒళ్లో పదేళ్ల పిల్లవాడు వాలిపోయి ఉన్నాడనుకోండి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ వాణ్ణి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. చూడలేక కిటికీ వైపు తిరుగుతుంది. ఆమె పక్కన ఉన్న కుర్రాడికి పరిస్థితి ఇట్టే అర్థమైపోతుంది. పిల్లవాణ్ణి పడుకోబెట్టుకోవడానికి ఆ తల్లికి చోటు లేదు, అడగడానికి మొహమాటపడుతోంది అని. అర్థమైంది గానీ కదలడు. ఇంకొకాయన ఏడవడు, పెద్దగా ఆలోచించినట్టూ కనబడడు. లేచి నిలబడి "పడుకోబెట్టమ్మా" అని సీటు ఖాళీ చేస్తాడు.

ముగ్గురిలోనూ ఉన్నది సహానుభూతే అని మనం ఒకే మాట వాడేస్తాం. పెద్దావిడది ఎదుటివాళ్ల బాధ తనలోకి పాకడం, కుర్రాడిది ఎదుటివాళ్ల మనసులో ఉన్నది పసిగట్టడం, మూడో ఆయనది కరుణ. ఒకటి ఉన్నంత మాత్రాన మిగతావి ఉంటాయని లేదు. మొదటిది ఎంత శరీరానికి సంబంధించినదో 2004లో టానియా సింగర్ బృందం లండన్‌లో చూపించింది. 16 జంటలను పిలిచి, స్త్రీని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టారు. ఒకసారి ఆమె చేతికి, ఒకసారి ఆమె భాగస్వామి చేతికి చిన్న విద్యుత్ షాక్ ఇచ్చారు. తనకు తగిలినప్పుడు మెదడులో మేల్కొన్న భాగాల్లో కొన్ని, అతనికి తగిలినప్పుడూ మేల్కొన్నాయి. చర్మం మీద మంట లేదు, మంటకు పుట్టే బాధ మాత్రం ఉంది. పెద్దావిడ కన్నీళ్లు నటన కావన్నమాట.

ధ్యానం వీటిలో దేన్ని పెంచుతుంది? ప్రశ్న అలా పెడితేనే జవాబు దొరుకుతుంది.

తొలి ప్రయోగాలు వైద్య విద్యార్థుల మీద జరగడానికి కారణం ఉంది. చదువు ముదిరేకొద్దీ, వార్డులో రోగులను చూడడం మొదలయ్యాక, వాళ్లలో సహానుభూతి తరుగుతోందని అమెరికా అధ్యయనాల్లో బయటపడింది. దయ ఎక్కువ కావాల్సిన చోటే అది ఎండిపోతోంది. 1998లో షానా షపీరో బృందం 78 మంది వైద్య, వైద్యపూర్వ విద్యార్థులతో ఎనిమిది వారాల ధ్యాన కోర్సు నడిపి, కోర్సు చేసినవాళ్లలో సహానుభూతి స్కోరు పెరిగిందని రాసింది. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 70 మంది డాక్టర్లు ధ్యానమూ రోగితో మాట్లాడే తీరూ కలిపి నేర్చుకున్నారు. వాళ్లలో విసుగు, అలసట తగ్గాయి, సహానుభూతి స్కోరు పెరిగింది. అయితే వాళ్లను పోల్చి చూడడానికి కోర్సు చేయని డాక్టర్ల బృందం లేదు.

స్కోరు అన్నానా, అది ఎలా వేస్తారో కూడా చెప్పాలి. "ఇబ్బందుల్లో ఉన్నవాళ్లను చూస్తే నాకు మనసు కరుగుతుంది" లాంటి వాక్యాలు ఇచ్చి, మీకు ఎంతవరకు వర్తిస్తుందో మీరే అంకె వెయ్యమంటారు. ఎనిమిది వారాలు మంచి మాటలు విని, గురువు ఎదుట కూర్చుని వచ్చినవాడు తనకు తాను తక్కువ మార్కులు వేసుకుంటాడా? సొంత ఇడ్లీ బాగుందని చెప్పని హోటలు ఉంటుందా?

అందుకే 2013లో బాస్టన్‌లో పాల్ కాండన్, డేవిడ్ డెస్టెనో తదితరులు చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే నచ్చింది. వాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు. ఎనిమిది వారాల ధ్యానం పూర్తి చేసినవాళ్లనూ, ఇంకా పేరు ఇచ్చి వేచి ఉన్నవాళ్లనూ పరీక్ష ఉందని పిలిచారు. పరీక్ష గదికి బయట మూడు కుర్చీలు. రెండింటిలో అప్పటికే మనుషులున్నారు. వచ్చినవాడు మూడోదాంట్లో కూర్చుంటాడు. కాసేపటికి ఒక అమ్మాయి కాలికి కట్టుతో, చంకలో ఊతకర్రలతో, నొప్పికి మూలుగుతూ వచ్చి గోడకు ఆనుకుంటుంది. ముందే కూర్చున్న ఇద్దరూ తలెత్తరు. వాళ్లు పరిశోధకుల మనుషులే, అలా ఉండమని చెప్పి కూర్చోబెట్టినవాళ్లు. అసలు పరీక్ష లోపలి గదిలో కాదు, అక్కడే జరిగిపోయింది.

ధ్యానం చేయనివాళ్లలో 16 శాతం లేచి కుర్చీ ఇచ్చారు. చేసినవాళ్లలో 50 శాతం. పక్కన ఇద్దరు కదలకుండా కూర్చుంటే మనమూ కదలం, అది లోక రీతి. ఆ రీతిని దాటి సగం మంది లేచారు. 2015లో అదే బృందం గురువు లేకుండా, హెడ్‌స్పేస్ అనే ఫోన్ యాప్‌తో మూడు వారాల సాధన చేయించి చూసింది. అప్పుడు 37 శాతం లేచారు. మెదడుకు పదును పెట్టే ఆటల యాప్ వాడినవాళ్లలో లేచింది 14 శాతమే. విచిత్రం ఏమిటంటే, ఎదుటివాళ్ల భావాలు పసిగట్టే శక్తి వాళ్లలో పెరిగినట్టు కనబడలేదు. అంటే పైన చెప్పిన కుర్రాడి గుణం పెరగలేదు, లేచినాయన గుణం పెరిగింది.

ఎందుకు లేచారు? ఒక కారణం చాలా మామూలుది. ఫోను నుంచి, తన ఆలోచనల నుంచి తలెత్తినవాడికే ఎదుటి మనిషి కనబడుతుంది. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు ప్రిన్స్‌టన్‌లో మత విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. దారిలో ఒకడు మూలుగుతూ పడి ఉన్నాడు. తీరుబడిగా పోతున్నవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. వాళ్లలో కొందరు, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న బైబిలు కథ, దయామయుడైన సమరయుని కథ మీద ప్రసంగించడానికే పోతున్నారు. మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, హడావుడిలో ఉంటే చాలు. ధ్యానం ఆ హడావుడిని కొంచెం సడలిస్తుందేమో. రెండో కారణం, పెద్దావిడలా బాధలో మునిగి మొహం తిప్పుకునే అవసరం తగ్గడం. లోపల అలజడి ఉంటుంది, అయినా నిలబడి చూడగలుగుతాడు.

ఇక్కడితో ఆపితే ఇది ధ్యాన కేంద్రం కరపత్రం అవుతుంది.

కుర్చీ ప్రయోగంలో మొదటిసారి పాల్గొన్నది 39 మంది, రెండోసారి 56 మంది. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే శాతాలు ఊగిపోతాయి. 2018లో రెండు పెద్ద సమీక్షలు వచ్చాయి. 26 ప్రయోగాలను, 1,714 మందిని కలిపి చూసిన ఒక సమీక్ష ధ్యానం వల్ల మేలు ఉందని, అది చిన్న నుంచి ఓ మోస్తరు దాకా ఉందని తేల్చింది. అదే ఏడాది క్రెప్లిన్, ఫరియాస్, బ్రాజిల్ కలిసి రాసిన సమీక్ష గట్టిగా చురక వేసింది. కరుణ పెరిగినట్టు కనబడింది రెండు సందర్భాల్లోనే అన్నారు వాళ్లు. ధ్యానం నేర్పిన గురువే పరిశోధన పత్రం రాసినవాళ్లలో ఒకడైనప్పుడు, లేదా పోలిక కోసం తీసుకున్నవాళ్లను ఊరికే కూర్చోబెట్టినప్పుడు. దూకుడు, ఇతరుల పట్ల దురభిప్రాయం తగ్గినట్టు అసలే తేలలేదు. ఈ రెండో సమీక్షకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. గురువు తన శిష్యులకు మార్కులు వేసుకునే పరీక్షను ఏ విశ్వవిద్యాలయమూ ఒప్పుకోదు కదా.

ఇంకా ఇబ్బంది పెట్టే ఫలితాలూ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రిడరింక్‌హోఫ్ బృందం ఐదు నిమిషాల ధ్యానంతో చేసిన ప్రయోగంలో సహానుభూతి పెరగలేదు. తమ గొప్పే తాము చూసుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఎదుటి మనసు చదవడం కొంత తగ్గింది కూడా. ఆండ్రూ హాఫెన్‌బ్రాక్ బృందం ఇంకో కోణం పట్టుకుంది. తప్పు చేసి మనసు గిలగిల్లాడుతున్నవాణ్ణి ఊపిరి మీద దృష్టి పెట్టమంటే తప్పు చేసిన బాధ తగ్గింది. దాంతోపాటు నష్టపోయినవాళ్లకు సర్దిచెప్పుకోవాలన్న తపనా తగ్గింది. అప్పు ఎగ్గొట్టినవాడికి ప్రశాంతంగా నిద్ర పడితే లాభం ఎవరికి? అదే బృందం ఇతరుల మేలు కోరే మైత్రీ ధ్యానం చేయించినప్పుడు మాత్రం సర్దిచెప్పుకోవాలన్న కోరిక నిలిచింది.

మైకేల్ పౌలిన్ బృందం 2021లో అచ్చువేసిన పత్రం మన లాంటి సమాజాలకు బాగా దగ్గరిది. ముందు విద్యార్థులను రెండు రకాలుగా గుర్తించారు. తమను విడి మనిషిగా చూసుకునేవాళ్లు ఒకరు, నలుగురితో ముడిపడిన మనిషిగా చూసుకునేవాళ్లు ఇంకొకరు. కొద్దిసేపు ధ్యానం చేయించి, ఒక ధర్మసంస్థ కోసం కవర్లలో ఉత్తరాలు పెట్టడానికి సాయం చేస్తారా అని అడిగారు. నలుగురితో ముడిపడినవాళ్లు ధ్యానం తర్వాత ఎక్కువ సాయం చేశారు. విడి మనుషులు తక్కువ చేశారు. ధ్యానం కొత్త గుణాన్ని తెచ్చిపెట్టడం లేదు, లోపల ఉన్నదాన్నే పైకి తెస్తోంది అనిపిస్తుంది.

ఇది చదివి, మనది ఉమ్మడి బతుకు కాబట్టి మనకు ధ్యానం మంచే చేస్తుందని మీసం మెలెయ్యడానికి తొందరపడకండి. మన "మనం" ఎక్కడిదాకా పోతుంది? ఇంటిదాకా పోతుంది, వంశం దాకా పోతుంది, కులం దాకా పోతుంది. అవతలి వీధి దగ్గర చాలాసార్లు ఆగిపోతుంది. ఆ గీతను చెరపాలంటే ఊపిరి ఒక్కటే చాలదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఆరు వారాల పాటు మైత్రీ ధ్యానం చేసినవాళ్లలో నల్లజాతివారి మీద, ఇల్లూవాకిలీ లేనివారి మీద లోలోపల ఉండే చిన్నచూపు తగ్గింది. అదే విషయం మీద చర్చలు మాత్రం చేసినవాళ్లలో తగ్గలేదు.

తేడా ఎక్కడుందో జర్మనీలో జరిగిన రిసోర్స్ ప్రాజెక్టులో తేటగా కనబడింది. టానియా సింగర్ నడిపించిన ఈ పనిలో దాదాపు 300 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు, సాధన తొమ్మిది నెలలు సాగింది. ఒక మూడు నెలలు ఊపిరి, శరీరం మీద దృష్టి. ఇంకో మూడు నెలలు ప్రేమ, కరుణ. మరో మూడు నెలలు ఎదుటివాళ్ల కోణంలోంచి చూడడం. కరుణ నేర్చుకునే నెలల్లో రోజూ ఒక భాగస్వామితో మాట్లాడాలి. ఒకరు ఆ రోజు కష్టపెట్టిన ఒక సంగతీ, కృతజ్ఞత కలిగించిన ఒక సంగతీ, అప్పుడు ఒంట్లో ఎలా అనిపించిందీ చెబుతారు. రెండోవారు ఊ కొట్టకుండా, సలహా ఇవ్వకుండా వినాలి. మన ఇళ్లలో ఊ కొట్టకపోవడం కష్టమేమీ కాదు, సలహా ఇవ్వకుండా ఉండడమే కష్టం. తొమ్మిది నెలల తర్వాత తేలింది ఇది: ఊపిరి సాధన ఏకాగ్రతను పెంచింది. కరుణను ముఖ్యంగా పెంచింది కరుణ సాధన. ఎదుటి మనసు అర్థం కావడం మూడో సాధనతోనే మెరుగైంది. ఏ మడికి నీళ్లు పెడితే ఆ మడే తడిసింది.

అంతకుముందు సింగర్, ఓల్గా క్లిమెకి కలిసి ఆరోగ్యవంతులైన స్త్రీలకు బాధను తమలోకి తెచ్చుకునే శిక్షణ ఇచ్చి, కష్టాల వీడియోలు చూపించారు. వాళ్లు కుంగిపోయారు. తర్వాత కరుణ శిక్షణ ఇస్తే, అవే రకం వీడియోలు చూసినా నిలదొక్కుకున్నారు. బౌద్ధ సన్యాసి మాత్యూ రికార్ కూడా 2007లో స్కానర్‌లో పడుకుని, కరుణను పక్కన పెట్టి ఊరికే అనాథ పిల్లల బాధను అనుభవించడానికి ప్రయత్నించి, గంటలోపే అలసిపోయానని చెప్పాడు. కరుణలోకి మారాక తేరుకున్నాడు.

ఈ సంగతి మనవాళ్లకు కొత్త కాదు. అయిదో శతాబ్దంలో సింహళంలో విశుద్ధిమార్గం రాసిన బుద్ధఘోషుడి ఊరు గుంటూరు, పల్నాడు ప్రాంతంలోనిదని కొందరు చరిత్రకారుల మాట. కరుణకు ఇద్దరు శత్రువులున్నారంటాడు ఆయన. దూరపు శత్రువు క్రూరత్వం. దగ్గరి శత్రువు దుఃఖం, అంటే కరుణలాగే కనబడుతూ మనిషిని ముంచేసేది. రైల్లో కిటికీ వైపు తిరిగిన పెద్దావిడను పట్టుకున్నది ఆ రెండో శత్రువే. ఇంకో ఆనవాలు చూడండి. పది రోజుల విపశ్యన శిబిరంలో మొదట ఊపిరి, తర్వాత శరీరంలోని స్పందనలు, పదో రోజున విడిగా మైత్రీభావన నేర్పుతారు. ఊపిరిని గమనిస్తే దయ దానంతట అదే వస్తుందని ఆ సంప్రదాయమే అనుకోలేదు. అనుకున్నది మనం.

కాబట్టి రోజూ కూర్చునేవాళ్లకు నా సలహా చిన్నది. ఊపిరి మీద కూర్చోండి, మానొద్దు. చివర అయిదు పది నిమిషాలు మనుషుల కోసం పెట్టండి. ముందు మీరు, తర్వాత మీకు ఇష్టమైనవాళ్లు, తర్వాత రోజూ చూసినా పేరు తెలియని ఒక మనిషి, చివరికి మీకు గిట్టనివాడు. అందరికీ మేలు జరగాలని మనస్ఫూర్తిగా కోరుకోవాలి. గిట్టనివాడి దగ్గర ఆగిపోతే కంగారు లేదు, అందరూ అక్కడే ఆగుతారు. తీవ్రమైన దిగులు, భయాలు, పాత గాయాల జ్ఞాపకాలు ఉన్నవాళ్లు మాత్రం గంటలకొద్దీ కళ్లు మూసుకుని కూర్చునే ముందు డాక్టరుతో మాట్లాడాలి. పైన చెప్పినదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క. అలాంటి ఇబ్బందులున్నవాళ్ల కోసం టెలీమానస్ ఉచిత నంబరు 14416 ఉంది.

వైద్య కళాశాలలకు ఒక విన్నపం కూడా. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. తిరుపతిలో వైద్య కళాశాలలున్నాయి, నర్సింగ్ కళాశాలలున్నాయి, చుట్టుపక్కల ఊళ్లన్నిటి నుంచీ రోగులు వస్తారు. ఒక తరగతికి ఊపిరి సాధన, ఒక తరగతికి కరుణ సాధన, ఒక తరగతికి రెండూ కాకుండా ఇంకేదైనా నేర్పి, ఆరు నెలల తర్వాత పోల్చి చూడవచ్చు. మార్కులు విద్యార్థులను వేసుకోమనకండి, నేర్పిన గురువునూ వెయ్యమనకండి. వార్డులో వాళ్ల చేతుల మీదుగా సేవ పొందిన రోగులనూ, మంచం పక్కన కూర్చున్న వాళ్ల అటెండర్లనూ అడగండి.